పాత సామాన్ల అంగడికి వేసేముందు ఒక్కసారి చూడండి



మన పేర్ణాంబట్టులోనూ, గుడియాత్తం చుట్టుపక్కలా చాలా ఇళ్లల్లో అటక మీద కొన్ని వస్తువులు కనిపిస్తాయి. 2006లో కరుణానిధి ప్రభుత్వం పంచడం మొదలుపెట్టిన 14 అంగుళాల కలర్ టీవీ. 2011లో జయలలిత ప్రభుత్వం మొదలుపెట్టిన పథకంలో వచ్చిన మిక్సీ, గ్రైండరు, టేబుల్ ఫ్యాను. అదే ఏడాది నుంచి ప్రభుత్వ, ఎయిడెడ్ స్కూళ్ల పెద్ద తరగతుల పిల్లలకు ఇచ్చిన ల్యాప్‌టాప్. కొన్ని ఇంకా నడుస్తున్నాయి. చాలావాటిని 'పోయింది' అని ఒక మూల పెట్టేసి, భోగికి ఇల్లు సర్దేటప్పుడు కాయలాన్ కడకు తూకానికి వేసేస్తున్నాం.

పోయింది సరే, ఏది పోయింది? మోటారు కాలిపోయిందని పక్కన పెట్టిన మిక్సీలో మోటారు శుభ్రంగా ఉండి, అడుగున ఎర్ర బటన్ మాత్రం బయటికి వచ్చి ఉండడం మామూలే. ఫ్యాను తిరగడం లేదంటే చాలాసార్లు లోపల ఉన్న చిన్న కండెన్సర్ బలహీనపడి ఉంటుంది. దాని ఖరీదు వంద రూపాయల లోపే. అలాంటి ఫ్యానుని ఇనుము ధరకు వేసి, కొత్త ఫ్యాను కొనడానికి వేలు ఖర్చు పెట్టడం మనలాంటి ఇళ్లకు తగిన పని కాదు.

అలాగని దొరికిందల్లా విప్పేయమని చెప్పడం లేదు. అసలు ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. అవి కూడా ఇందులోనే రాశాం. ఓపిక లేనివాళ్లు చివరి భాగం ముందు చదివేసి, తర్వాత ఇక్కడికి రండి.

మొదట ప్లగ్గు పీకండి

స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. పాత ఇళ్లల్లో వైరింగు చేసినవాళ్లు స్విచ్చిని ఫేజు వైరుకు కాకుండా న్యూట్రల్‌కు పెట్టేసి ఉంటే, స్విచ్చి ఆపినా వస్తువు లోపల కరెంటు ఉంటుంది. పిల్లలూ, ఇంటి కరెంటుతో నడిచే ఏ వస్తువునైనా విప్పేది పెద్దవాళ్లు. పక్కన కూర్చుని చూసేది, ఫొటోలు తీసేది మీరు. రిమోటు, బొమ్మ కారు, గోడ గడియారం లాంటి మామూలు సెల్లులతో నడిచేవి మీరే విప్పొచ్చు.

ప్లగ్గు పీకిన తర్వాత కూడా ఒక ప్రమాదం మిగులుతుంది. అంగళ్లలో కండెన్సర్ అనేదాన్నే మీ ఫిజిక్స్ పుస్తకంలో కెపాసిటర్ అంటారు. అది కరెంటును దాచిపెట్టుకుంటుంది. ఇంటికి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును ఛార్జరు లోపలో, టీవీ బోర్డు మీదో డీసీగా మార్చినప్పుడు సుమారు 325 వోల్టులు అవుతుంది. 230ని 1.414తో గుణించి చూడండి, ఆ లెక్క ఎలా వచ్చిందో తెలుస్తుంది. ప్లగ్గు పీకిన కొంతసేపటి వరకు ఆ వోల్టేజీ కెపాసిటర్‌లో నిలిచి ఉండొచ్చు. అందుకే ఛార్జరు, టీవీ, యూపీఎస్ బోర్డుల జోలికి నేర్చినవాళ్లు తప్ప పోకూడదు.

విప్పేటప్పుడు అందరికీ వచ్చే కష్టం మరలు కలిసిపోవడం. దీనికి మంచి ఉపాయం ఇడ్లీ ప్లేటు. మొదట తీసిన మరలు మొదటి గుంటలో, తర్వాతవి రెండో గుంటలో వేసుకుంటూ పోండి. మళ్లీ బిగించేటప్పుడు చివరి గుంట నుంచి వెనక్కి రండి. పొడుగు మర వేయాల్సిన చోట పొట్టిది, పొట్టి చోట పొడుగుది వేస్తే బోర్డుకు చిల్లు పడే ప్రమాదం ఉంది. ఇడ్లీ ప్లేటు అమ్మకు చెప్పి తీసుకోండి. చెప్పకుండా తీసుకుంటే ఆ తిట్లు ఈ వ్యాసం రాసినవాళ్లకు తగులుతాయి. వైర్లు ఏ రంగుది ఎక్కడుందో తీసే ముందే ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంట్లో ఉండాల్సిన పనిముట్టు ఒకటే, చిన్న డిజిటల్ మల్టీమీటరు. కొన్ని వందల రూపాయలకే వస్తుంది. అందులో బీప్ శబ్దం చేసే అమరిక ఒకటి ఉంటుంది. రెండు పుల్లలను ఒక వైరుకు రెండు చివరలా ఆనించినప్పుడు బీప్ అంటే వైరు తెగలేదు, మౌనంగా ఉంటే ఎక్కడో తెగింది. దీన్ని ఎప్పుడూ ప్లగ్గు పీకిన వస్తువు మీదే వాడాలి. సగం రిపేర్లు ఈ ఒక్క బీప్‌తో తేలిపోతాయి. ఇస్త్రీ పెట్టె పని చేయలేదంటే ముందు చూడాల్సింది దాని వైరు మెడ దగ్గర, అంటే వైరు పెట్టెలోకి దూరే చోట. రోజూ వంగి వంగి అక్కడే తెగుతుంది. ఫోన్ ఛార్జింగ్ వైరు కూడా అక్కడే తెగుతుంది, ఇయర్‌ఫోన్ కూడా అంతే.

మిక్సీ, గ్రైండరు, ఫ్యాను

మిక్సీ తిరగలేదంటే మొదట దాన్ని బోర్లించి చూడండి. అడుగున ఎర్రగానో నల్లగానో ఒక చిన్న బటన్ ఉంటుంది. గట్టి పిండి వేసినా, జారు నిండా కుక్కినా మోటారు కాలిపోకుండా ఆ బటన్ తనంతట తాను కరెంటు ఆపేస్తుంది. ప్లగ్గు పీకి, పది నిమిషాలు చల్లారనిచ్చి, బటన్ నొక్కండి. టక్కుమని లోపలికి పోతే మిక్సీ బాగైనట్టే. ఈసారి పిండిలో నీళ్లు కాస్త ఎక్కువ పోయండి, సగం జారుకే వేయండి. మాటిమాటికీ బటన్ పడిపోతుంటే మాత్రం లోపల వేరే జబ్బు ఉన్నట్టు.

మోటారు గిర్రున తిరుగుతోంది, బ్లేడు తిరగడం లేదు అంటే తప్పు కప్లర్‌ది. మోటారు పైన ఒకటి, జారు అడుగున ఒకటి, పళ్లు పళ్లు పట్టుకుని తిరిగే ముక్కలు అవి. అరిగిపోతే జారిపోతాయి. కొత్తవి అంగట్లో చవకే. మోటారు పైన ఉన్న కప్లర్ తీయాలంటే ఒక కిటుకు ఉంది. కింద నుంచి మోటారు ఇరుసును కదలకుండా పట్టుకుని, మోటారు ఏ వైపు తిరుగుతుందో అదే వైపుకు కప్లర్‌ను తిప్పాలి. మామూలు మరలాగా ఎడమకే తిరుగుతుందనుకుని బలం పెడితే, కొన్ని మిక్సీల్లో ఇంకా బిగుసుకుపోతుంది. ఎందుకలా? పిండి రుబ్బేటప్పుడు బరువు పడితే కప్లర్ బిగుసుకోవాలే గానీ ఊడిపోకూడదు. అందుకే కంపెనీవాళ్లు మర అలా చేస్తారు.

లోపల నీలంగా నిప్పురవ్వలు ఎక్కువగా కనిపిస్తుంటే, కాలిన వాసన వస్తుంటే, కార్బన్ బ్రష్షులు అరిగి ఉంటాయి. పెన్సిల్ ముక్కల్లాగా నల్లగా ఉండే రెండు చిన్న దిమ్మెలు అవి. వెనక స్ప్రింగు ఉంటుంది. ఒకటే అరిగినట్టు కనిపించినా రెండూ కలిపి మార్చాలి. పాత బ్రష్షు చేత్తో పట్టుకుని అంగడికి పోండి, కొలత సరిపోయేది ఇస్తారు. కొత్తవి వేసిన మొదటి రోజు కొంచెం నిప్పురవ్వలు వస్తే భయపడకండి, అవి సర్దుకుంటాయి.

గ్రైండరు సంగతి తక్కువలో చెప్పొచ్చు. మోటారు తిరిగి రాయి తిరగకపోతే బెల్టు సాగింది లేదా తెగింది. బెల్టు మీద ముద్రించిన నంబరు చూసి అదే నంబరుది తెచ్చుకోండి. అంతకు మించి పోతే వైండింగు అంగడికి తీసుకుపోవడమే.

ఫ్యాను కొంచెం నిదానంగా చూడాలి. ముందు ప్లగ్గు పీకి, రెక్కను చేత్తో తిప్పి వదలండి. నాలుగైదు చుట్లు తిరిగి మెల్లగా ఆగితే బేరింగు బాగుంది. చెయ్యి తీయగానే ఆగిపోతే బుష్ ఎండిపోయింది, దుమ్ము పట్టింది. విప్పి, పాత జిడ్డు గుడ్డతో తుడిచి, కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేయండి. కొబ్బరి నూనె మాత్రం వద్దు. వేసిన రోజు బాగానే తిరుగుతుంది, కొన్నాళ్లకు బంకలా గట్టిపడి ముందుకన్నా అధ్వానం అవుతుంది.

రెక్క సులువుగానే తిరుగుతుంది, కానీ కరెంటు పెడితే 'మ్‌మ్‌' అని మూలుగుతూ కదలదు. అలాంటప్పుడు ఊచల్లోంచి ఒక పొడి పుల్లతో రెక్కను కొంచెం తోస్తే తిరగడం మొదలెడుతుంది. ఇది కండెన్సర్ పోయిన గుర్తు. ఆ మోటారుకు తొలి తోపు ఇచ్చేది కండెన్సరే. దాని ఒంటి మీద 2.5 అనో 3.15 అనో మైక్రోఫారడ్ లెక్క, పక్కనే వోల్టేజీ రాసి ఉంటాయి. అదే అంకెలున్నది కొనండి. ఎక్కువ అంకెది వేస్తే ఫ్యాను వేగంగా తిరుగుతుందని కొందరు చెబుతారు. వైండింగు వేడెక్కి మోటారే పోతుంది, ఆ మాట వినకండి. మూలుగు కూడా లేకుండా పూర్తిగా చచ్చినట్టు ఉంటే, మల్టీమీటరుతో వైరు, స్విచ్చి చూసి, అవి బాగుంటే మోటారు వైండింగు చేసే అంగడికి తీసుకుపోండి.

బల్బు, రిమోటు, ఫోను

ఎల్‌ఈడీ బల్బు పైన తెల్లటి టోపీ తిప్పి లాగితే ఊడి వస్తుంది. లోపల పల్చటి పలకకు చిన్న చిన్న పసుప్పచ్చ దీపాలు అతికించి ఉంటాయి. వాటిలో ఒకదాని మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తే అదే పోయింది. పండగకు కట్టే పాత సీరియల్ సెట్టులాగే ఇవీ వరసలో ఉంటాయి, ఒకటి పోతే అన్నీ ఆగిపోతాయి. రిపేరు చేసేవాళ్లు ఆ చచ్చిన దీపాన్ని తీసేసి, ఆ రెండు కొసలనూ సోల్డరింగుతో కలిపేస్తారు. బల్బు మళ్లీ వెలుగుతుంది. ఒక్కటి పోతేనే ఇలా చేయాలి. రెండు మూడు పోయిన బల్బును బాగు చేసినా ఎక్కువ రోజులు నిలవదు. ఇంకో మాట, ఆ పలక మీద ఇంటి కరెంటు నేరుగా ఉంటుంది. టోపీ లేకుండా హోల్డరులో పెట్టి ముట్టుకుంటే షాకు కొడుతుంది. ఈ పని పిల్లలది కాదు.

రిమోటు పని చేయడం లేదంటే కొత్తది కొనేముందు ఫోన్ కెమెరా తెరిచి, రిమోటు ముక్కును కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కండి. కంటికి కనిపించని పరారుణ కాంతి కెమెరాలో ఊదా రంగు మెరుపులా కనిపిస్తుంది. వెనక కెమెరాలో కనిపించకపోతే సెల్ఫీ కెమెరాతో చూడండి. మెరుపు వస్తే రిమోటు బాగుంది, తప్పు టీవీలో ఉంది. కొన్ని బటన్లకే మెరిసి కొన్నిటికి మెరవకపోతే, విప్పి, లోపల రబ్బరు పలకనూ బోర్డునూ కొంచెం స్పిరిట్ తడిపిన దూదితో తుడవండి. మన చేతి నూనె, సాంబారు మరకలు అన్నీ అక్కడే చేరతాయి.

సెల్లులు కారి స్ప్రింగులు తుప్పు పట్టి ఉంటే కెమిస్ట్రీ పాఠం పనికొస్తుంది. చవక జింక్-కార్బన్ సెల్లు కారితే అది ఆమ్ల గుణం, అందుకు వంటసోడా కలిపిన నీళ్లు. ఆల్కలైన్ సెల్లు కారితే తెల్లగా పొడిలాగా వస్తుంది, అది క్షారం, అందుకు నిమ్మరసం. చెవి శుభ్రం చేసుకునే దూది పుల్లతో అద్ది, తడి లేకుండా ఆరబెట్టి, కొత్త సెల్లులు వేయండి. ఆ పొడి చేతికి, కంటికి తగలకుండా చూసుకోండి.

ఫోను ఛార్జింగు ఎక్కడం లేదని అంగడికి పోయేముందు దాని ఛార్జింగు గుంటలోకి టార్చి వేసి చూడండి. జేబులో నూలు, దుమ్ము చేరి గడ్డకట్టి ఉంటుంది. ఫోను ఆపేసి, పళ్లు కుట్టుకునే చెక్క పుల్లతో మెల్లగా గీకి తీయండి. గుండుసూది వద్దు, లోపల పిన్నులు వంగిపోతాయి. నీళ్లల్లో పడిన ఫోనును బియ్యం డబ్బాలో పెట్టడం మనందరికీ అలవాటు. దాని వల్ల లాభం లేదు, పైగా బియ్యపు పొడి లోపలికి పోతుంది. ఆపిల్ కంపెనీ కూడా 2024లో బియ్యంలో పెట్టవద్దని చెప్పింది. ఫోను ఆపేసి, ఛార్జింగు పెట్టకుండా, గుంట కిందికి ఉండేట్టు పట్టుకుని మెల్లగా తట్టి, గాలి తగిలే చోట పెట్టడమే సరైన పద్ధతి.

మూలపడ్డ ల్యాప్‌టాప్

మనవాళ్లు అన్యాయంగా తూకానికి వేసేది దీన్నే. ల్యాప్‌టాప్ ఆన్ కావడం లేదంటే ఇలా చూడండి. బ్యాటరీ ఊడేరకం అయితే ఊడదీసి పక్కన పెట్టి, ఛార్జరు మాత్రం తగిలించి ఆన్ చేయండి. బ్యాటరీ చచ్చిపోయినా ల్యాప్‌టాప్ బల్లమీద కంప్యూటరులాగా నడుస్తుంది. ఆన్ అయ్యి తెర నల్లగా ఉంటే, వెనక మూత తీసి మెమరీ పలకను బయటికి తీసి, దాని బంగారు రంగు పళ్లను మీరు పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊది, మళ్లీ గట్టిగా నొక్కి పెట్టండి. నమ్మబుద్ధి కాదు గానీ ఈ ఒక్క పనితో లేచిన కంప్యూటర్లు లెక్కలేనన్ని. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే లోపల రూపాయి బిళ్లలాంటి 3 వోల్టుల సెల్లు అయిపోయింది. చాలా వాటిల్లో దాని పేరు సీఆర్ 2032.

వేడెక్కి ఆగిపోతుంటే లోపల చిన్న ఫ్యానుకు దుమ్ము పట్టింది. ఒక మెత్తటి కుంచెతో దులపండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను పుల్లతో ఆపి పట్టుకోండి.

మరీ మెల్లగా నడుస్తోందంటే పాత హార్డ్ డిస్క్ తీసి, అదే చోట సరిపోయే సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే ప్రాణం లేచి వస్తుంది. దీనికి కొంత ఖర్చు అవుతుంది, అయినా కొత్త ల్యాప్‌టాప్ ధరలో చిన్న భాగమే. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ సాయం 2020 జనవరి 14తో ఆగిపోయింది, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఆగింది. పాత యంత్రాలకు లుబుంటు, లినక్స్ మింట్ లాంటివి సరిపోతాయి. ఉచితం. తెలుగు కీబోర్డు కూడా అందులోనే ఉంటుంది, విడిగా కొనక్కర్లేదు. తెలుగు చదువుతున్న పిల్లలు తెలుగులో టైపు చేయడం నేర్చుకోవడానికి ఇంతకన్నా చవక దారి లేదు. ఫోన్లో వేలితో టైపు చేయడం వేరు, కీబోర్డు మీద పది వేళ్లతో టైపు చేయడం వేరు.

ఇక ఏం చేసినా లేవలేదు, అమ్మేయాల్సిందే అనుకుంటే, అమ్మేముందు హార్డ్ డిస్క్ ఊడదీసి ఇంట్లో పెట్టుకోండి. రెండు మూడు మరలే. అందులో మార్కుల జాబితాలు, ఆధార్ కాపీలు, ఇంటి ఆడపిల్లల ఫొటోలు ఉంటాయి. 'డిలీట్ చేసేశాం' అంటే పోయినట్టు కాదు, తీయగలిగినవాళ్లు తీస్తారు. దాన్ని యూఎస్‌బీ పెట్టెలో వేసుకుంటే పెద్ద పెన్‌డ్రైవ్‌లాగా వాడుకోవచ్చు కూడా.

తూకానికి వేసేటప్పుడు

ఒకప్పుడు తమిళనాట వీధుల్లో పాత ఇనుము, ఇత్తడి తీసుకుని ఖర్జూరపండ్లు ఇచ్చే బండి వచ్చేది. తాతయ్యలను, అవ్వలను అడగండి, చెబుతారు. ఇప్పుడు డబ్బులే ఇస్తున్నారు గానీ, అన్నీ ఒకే గోనెలో కలిపి ఇస్తే ఇనుము ధరే కడతారు. లోహాలు వేరు చేసి ఇవ్వండి.

వేరు చేయడానికి పాత స్పీకరు వెనక ఉన్న అయస్కాంతం చాలు. అతుక్కుంటే ఇనుము. అతుక్కోకుండా తేలికగా తెల్లగా ఉంటే అల్యూమినియం. బరువుగా పసుప్పచ్చగా ఉంటే ఇత్తడి. కొన్ని రకాల స్టెయిన్‌లెస్ స్టీలు అయస్కాంతానికి అతుక్కోదు, కానీ అల్యూమినియం కన్నా చాలా బరువు. మోటారు తీగ మాత్రం మోసం చేస్తుంది. పైన రాగి రంగు వార్నిష్ పూత ఉంటుంది, చాకు మొనతో గీరి చూస్తే లోపల తెల్లగా కనిపించొచ్చు. చవక మోటార్లలో రాగి బదులు అల్యూమినియం తీగ చుడతారు. గీరి చూడకుండా రాగి అని మీరు అనుకోవద్దు, గీరి చూసిన తర్వాత అల్యూమినియం అని వాళ్లంటే ఒప్పుకోవద్దు.

రాగి వైరు విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఏటి ఇసుకలోనో, ఖాళీ స్థలంలోనో వైర్లు కుప్పపోసి కాల్చి, రాగి తీసి అమ్మే పద్ధతి చాలా ఊళ్లల్లో ఉంది. ఆ పనిలో పిల్లకాయలు కూడా ఉంటారు. ఆ వైరు మీది ప్లాస్టిక్ పేరు పీవీసీ. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది ఊపిరితిత్తుల తడికి తగిలి హైడ్రోక్లోరిక్ ఆమ్లం అవుతుంది. డయాక్సిన్లు అనే విషాలు కూడా వస్తాయి, అవి మట్టిలో, పాలలో, మన ఒంటి కొవ్వులో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఇంత చేసి సంపాదించేది ఏమిటంటే తక్కువ ధర. కాల్చిన రాగి నల్లబడి, పెళుసై ఉంటుంది కాబట్టి, వలిచిన మెరిసే రాగికన్నా తక్కువే కడతారు.

వలవడం కష్టం అంటారు. మన వేలూరు ఎండ ఉంది కదా. మధ్యాహ్నం పూట వైర్లను మిద్దె మీద పరిచి గంట సేపు ఉంచండి. పీవీసీ మెత్తబడుతుంది. అప్పుడు ఒక చెక్క మీద బ్లేడు కదలకుండా బిగించి, దాని కింద వైరును లాగితే ఒకవైపు పొడుగ్గా చీలుతుంది, తొక్క అరటిపండులాగా వచ్చేస్తుంది. బ్లేడు పని పెద్దవాళ్లు చేయాలి, చీలిన తర్వాత ఒలిచే పని ఎవరైనా చేయొచ్చు. భోగి మంటలో కూడా వైర్లు, టైర్లు, ప్లాస్టిక్ వేయకండి.

పాలారు పక్కన ఉండేవాళ్లకు విషం నేలలోకి దిగితే ఏమవుతుందో వేరేవాళ్లు చెప్పనక్కర్లేదు. తోలు పరిశ్రమల మురుగు పాలారును, ఊళ్ల బావులను పాడు చేసిందని వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు ఇచ్చింది. కాలుష్యం చేసినవాళ్లే దాని ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమని అందులో చెప్పింది. న్యాయశాస్త్రం చదివేవాళ్లు ఇప్పటికీ మన జిల్లా పేరుతో ఉన్న ఆ కేసు చదువుతారు. తీర్పు వచ్చింది గానీ పాడైన బావి నీళ్లు ఒక్క రోజులో మంచివి కాలేదు. ఎలక్ట్రానిక్ చెత్తలోని సీసం కూడా అలాంటిదే. చైనాలో గుయియు అనే ఊరు ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పాత కంప్యూటర్లను విప్పి, కాల్చి, ఆమ్లంలో ముంచి బతికింది. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో అక్కడి చిన్నపిల్లల రక్తంలో సీసం పక్క ఊరి పిల్లలకన్నా ఎక్కువ ఉందని తేలింది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

ఇవి విప్పకండి

అన్నిటికన్నా ముందు పాత డబ్బా టీవీ. వెనక బుడ్డిలాంటి గాజు గొట్టంలో గాలి ఉండదు, పగిలితే గాజు పెంకులు లోపలికి కుంగి ఎగిరిపడతాయి. కలర్ టీవీ గొట్టానికి నడిచేటప్పుడు 20 వేల వోల్టులకు పైగా అందుతుంది, ఆపిన తర్వాత కూడా అందులో కొంత మిగిలి ఉండొచ్చు. ఆ గాజులో సీసం ఉంటుంది. మెడ దగ్గర చుట్టిన రాగి కోసం గొట్టం పగలగొట్టి, గాజును ఏటి గట్టున పారేసేవాళ్లున్నారు. మీ టీవీ ముక్కలు చేయకుండా మొత్తంగా ఇవ్వండి, ముక్కలు చేస్తామనేవాళ్లకు ఇవ్వకండి.

మైక్రోవేవ్ ఓవెన్ లోపలి కెపాసిటర్ మనిషిని చంపగలదు. మెకానిక్కులు కూడా కొందరు దాన్ని ముట్టుకోరు. ఇన్వర్టరు బ్యాటరీని పగలగొట్టి సీసం కరిగించడం ఇంటి పని కాదు, కొత్త బ్యాటరీ కొనే అంగట్లోనే పాతది ఇస్తే ధర తగ్గిస్తారు. ట్యూబులైటు, పాత సీఎఫ్‌ఎల్ బల్బుల్లో పాదరసం ఉంటుంది. పగిలితే కిటికీలు తెరిచి, కాసేపు పిల్లలను బయటికి పంపి, చీపురు వాడకుండా రెండు అట్టముక్కలతో ఎత్తి, కవరులో కట్టేయండి.

ఫోను బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేస్తే ఆ రోజు నుంచి ఛార్జింగు పెట్టకండి. గుచ్చడం, వంచడం, మళ్లీ లోపలికి నొక్కడం చేస్తే మంట లేస్తుంది. ఒక మట్టి కుండలో పొడి ఇసుక పోసి, అందులో పెట్టి, ఇంటి బయట ఉంచి, త్వరగా అంగట్లో ఇచ్చేయండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ విప్పి లోపలి సెల్లులతో టార్చి చేసుకోవడం వీడియోల్లో సులువుగా కనిపిస్తుంది. మన పిల్లలు ఆ పని చేయకూడదు. అలాగే సిమ్ కార్డుల్లోంచి, కంప్యూటర్ బోర్డుల్లోంచి నైట్రిక్ ఆమ్లంతో బంగారం తీసే వీడియోలు. వచ్చే బంగారం గీసిన గీతంత కూడా ఉండదు. ఆమ్లపు పొగ మాత్రం నిజం.

కేంద్ర ప్రభుత్వం 2022లో చేసిన ఈ-వేస్ట్ నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. వస్తువు తయారు చేసిన కంపెనీయే దాన్ని చివరికి సరిగా రీసైకిల్ చేయించే బాధ్యత తీసుకోవాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్లే ఆ పని చేయాలి. కొత్త టీవీ, ఫ్రిజ్ కొనేటప్పుడు పాతది తీసుకుంటారా, ఎవరికి పంపుతారు అని అంగట్లో అడగండి. అడగడం మన హక్కు. విడి భాగాలు ఇక్కడ దొరకకపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో గానీ, బెంగళూరు ఎస్.పి. రోడ్డులో గానీ దొరుకుతాయి. అటు పనిమీద పోయేవాళ్లుంటే పాత భాగం ఫొటో, దాని మీది అంకెలు రాసి పంపితే చాలు.

పిల్లలూ, సైన్సు ప్రదర్శనకు ఏం చేయాలని అడుగుతుంటారు కదా. పాత ప్రింటరులో స్టెప్పర్ మోటారు ఉంటుంది. దాని రెండు వైర్ల మధ్య ఒక చిన్న ఎల్‌ఈడీ పెట్టి ఇరుసును చేత్తో తిప్పండి, దీపం వెలుగుతుంది. వెలగకపోతే వేరే రెండు వైర్లు పట్టుకుని చూడండి. డీవీడీ ప్లేయరులోని చిన్న మోటారు రెండు సెల్లులతో తిరుగుతుంది. పాత ఇయర్‌ఫోనును మైకు పెట్టే గుంటలో పెట్టి మాట్లాడితే మైకులాగా పని చేస్తుంది, ఎందుకో ఆలోచించి రాసుకు రండి. హార్డ్ డిస్క్‌లోని అయస్కాంతాలు చాలా బలమైనవి, రెండిటి మధ్య వేలు పడితే నలుగుతుంది. వాటిని చిన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అందకుండా పెట్టండి, రెండు మింగితే పేగు మధ్యలో అతుక్కుని ప్రాణం మీదికి వస్తుంది.

పాడైన రిమోట్లు, ప్రింటర్లు, డీవీడీ ప్లేయర్లు, స్పీకర్లు ఇంట్లో ఉంటే సైన్సు గదికి పంపండి. మామూలు సెల్లులు తీసేసి, వైరు చుట్టి, మీ పేరు, తరగతి రాసిన చీటీ అతికించండి. ప్లేయరు, ప్రింటరు లాంటివి పంతులుగారే విప్పి, పనికొచ్చే భాగాలు మీకు ఇస్తారు. డబ్బా టీవీలు, ఉబ్బిన బ్యాటరీలు మాత్రం బడికి తేకండి.